చింతపులుసులో బోల్టు

తుప్పు పట్టిన ఇనుమును పులుపులో నానేస్తే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. ఏం కనబడింది, చెప్పండి. బుడగలే కదా. హమాలీ సంఘం కార్యదర్శి నూకరాజుకూ అవే కనబడ్డాయి.

సమ్మె రోజుల్లో ఆ సంఘం హమాలీ గౌరీసు ఒకనాడు దొంగచాటుగా బస్తాలు మోశాడు. ఇంట్లో బిడ్డకు జ్వరం, మందుకు దారి లేదు. ఆకలి ముందు పంతం ఎంతసేపు నిలుస్తుందో పస్తున్నవాడికే తెలుసు. సమ్మె గెలిచాక సంఘం అతణ్ని వెలివేయలేదు గానీ, ప్రతి సమావేశంలోనూ నిలబడి తప్పు ఒప్పుకోమంది. ఒప్పుకున్నాడు. ప్రతిసారీ ఏడ్చాడు. ఇప్పుడు బస్తా ఎత్తబోయి మళ్లీ దించేస్తున్నాడు. నలుగురితో కలిసి అన్నం తినడం మానేశాడు. ఊరొదిలి పోదామని పెళ్లాంతో అంటున్నాడట.

నూకరాజు మాత్రం సంఘాన్ని పెంచిన ముసలి సన్యాసమ్మ దగ్గరికొచ్చి అడిగాడు. “అందరూ ఇక చాలంటారేటమ్మా? ఇంకా ఏడుస్తన్నాడంటే లోపల మరక ఉన్నట్టే కదా?”

ఆమె లేచింది. తోపుడుబండి ఇరుసు బోల్టు ఒకటి తుప్పు పట్టి మూలన పడి ఉంటే, తీసి అతని చేతిలో పెట్టింది.

“ఉప్పేసిన చింతపులుసులో నానెయ్. తుప్పొదలగానే తీసి వంటసోడా నీళ్లలో కడుగు, పులుపు విరుగుతాది. తుడిచి నూనె రాయ్. మనుషుల్ని బాగానే కడుగుతున్నావు, ఇదీ కడుగు.”

తుప్పు వదిలింది. ఇనుము తెల్లగా తేలింది. అప్పుడు దాని ఒంటినిండా సన్నని బుడగలు లేచాయి. పని ఇప్పుడే జోరందుకుందనుకున్నాడు నూకరాజు. తియ్యలేదు. బుడగలు తగ్గినప్పుడల్లా కొత్త పులుపు పోశాడు.

చివరికి తీసి నట్టు ఎక్కిస్తే, తిప్పకుండానే జారిపోయింది. బోల్టు మరలు అరిగి నున్నబడ్డాయి.

“బుడగలెప్పుడొచ్చాయిరా?” అంది సన్యాసమ్మ.

“తుప్పు పోయాక.”

“తుప్పు లేని కాడ పులుపు దేన్ని తింటాది?”

నూకరాజు నున్నబడ్డ మరల మీద బొటనవేలు రాశాడు.

ఆ సాయంత్రం సమావేశంలో ఎవరూ పిలవకముందే గౌరీసు లేచి చేతులు కట్టుకున్నాడు. నోరు తెరవకముందే కళ్లు కారుతున్నాయి. సభ అంతా కార్యదర్శి వైపు చూసింది. పక్కనే కూర్చున్న సన్యాసమ్మ నూకరాజు చెవి దగ్గరికి వంగింది.

“నానేసింది మనమే. తియ్యాల్సిందెవర్రా?”