రాజుగారి కథ మీద అభిప్రాయాలు

అమ్మ సరస్వతికి దణ్ణం పెట్టుకుని వినండి. వేణుగిరి రాజుగారు పెద్ద కథ రాసి, తాటాకు ప్రతులు పండితులకు పంపి, వారం తిరక్కుండా సభ పెట్టి అభిప్రాయాలు అడిగారు.

"చదువుతూ తిండి మరిచాను ప్రభూ!" అన్నాడొకాయన.

"వేట ఘట్టం మూడుసార్లు చదివాను!" అన్నాడింకొకాయన.

ఆకుల మీద గీసిన అక్షరాలకు మసి రుద్దే నాంచారమ్మ ఓ మూల నిలబడి ఉంది. "నీకెలా ఉందే?" అన్నారు రాజుగారు.

"బాగుంది దొరా. వేట దగ్గర మాత్రం కునుకు పట్టింది."

రాజుగారి మొహం ఎర్రబడింది. "రేపట్నుంచి పనిలోకి రాకు!"

ఉన్న ఒక్క ఆధారమూ పోయేలా ఉంది. నాంచారమ్మ మాత్రం తొణకలేదు. "అలాగే దొరా. పోయేముందు పండితులవారి ప్రతులు ఇప్పించండి, మసి రుద్ది పోతాను. రుద్దకముందే పట్టుకుపోయారు. మసి పడందే అక్షరం కంటికి ఆనదు కదా!"

రాజుగారు ఒక ప్రతి విప్పారు. ఆకులన్నీ బోసిగా ఉన్నాయి. పండితులు పైకప్పు కేసి చూస్తున్నారు.

"అయితే నా కథ చదివింది నువ్వొక్కదానివేనా?"

"మీ ప్రతికి మసి రుద్దుతూ రెండుసార్లు చదివాను."

"ఇలా వచ్చి కూర్చో. వేట ఎంత తగ్గించమంటావు?"

"పన్నెండు పులుల్ని చంపారు దొరా. పదకొండింటిని బతకనివ్వండి."