మోటారు బండిలో పాము

ప్రభవ నామ సంవత్సరం, మాఘమాసం. పొగమంచు కలలా దిగుతున్న సాయంత్రం జమీందారుగారి మోటారు కోట ముందు ఆగింది. ఇంజను ఆపేసినా దాని ముందు భాగంలోంచి బుస్సుమని చప్పుడు వస్తూనే ఉంది.

"పామే ప్రభూ! చాకలి సూరమ్మ పాక పక్కన పుట్టలోంచి ఎక్కింది. పాక పీకించి పుట్ట తవ్వించాలి," అన్నాడు దివాను. ఆ చోటు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

సూరమ్మకు ఆ పాక తప్ప వేరే నీడ లేదు. కోటకు ఉతికిన బట్టలు తెచ్చిన ఆమె, మూట దించి ఆ చప్పుడు విన్నది. పొయ్యి ఆర్పాక తను బట్టలు ఉడకేసే బాన కూడా అచ్చం ఇలాగే బుసకొడుతుంది. ఆ సంగతి పైకి అనలేదు.

"పుట్ట తవ్వేస్తే పాము ఎక్కడికి పోతుంది బాబూ? తమ బండిలోనే కాపురం పెడుతుంది. ముందు దాన్ని బయటికి రప్పించండి. దివాన్‌గారికి గరుడ మంత్రం వచ్చుగా!"

"నిజమే. బండి ముందున్న ఆ మూత తియ్యవయ్యా!" అన్నారు జమీందారు.

సూరమ్మ తడిగుడ్డ అందించింది. "చేతికి చుట్టుకోండి బాబూ."

"మంత్రముండగా గుడ్డెందుకే!" అంటూ దివాను మూత తిప్పాడు.

తెల్లటి ఆవిరి ఎగిసి మంచులో మెల్లగా కలిసిపోయింది. లోపల మరుగుతున్న నీళ్లు తప్ప ఏమీ లేవు.

"ఆ పాక జోలికి ఎవరూ పోకండి," అన్నారు జమీందారు.

దివాను కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది.