పండగ మరవని దొర

అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు ఏలుబడిలో ఉన్న రోజుల్లో, ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవుల ఊరొకటి, బైబిల్లో లేని పండగంటూ క్రిస్మస్‌ని నిషేధించింది. ఆ రోజు కూడా మామూలుగానే గడవాలి. కాదంటే బొండకొయ్యలో కాళ్లు బిగిస్తారు. ఏటా ఆ రోజున న్యాయాధికారి ఎబెనేజరు కచేరీ మూసేసి, ఇంటింటా వంటల వాసన పట్టేవాడు. ఒకసారి, బట్టలుతికి బతికే తబిత ఇంట్లో ఎండుద్రాక్ష రొట్టె కనిపించింది.

"పండగ చేస్తున్నావా?" అని గద్దించాడు.

"ఈ రొట్టె పిల్లలడిగినప్పుడల్లా చేసేదే దొరా! ఇదుగో, రోజూలాగే బట్టలుతుకుతున్నాను. ఈ రోజుకని పని మానుకుని తిరుగుతున్నది ఊరు మొత్తమ్మీద తమరొక్కరే."

ఎబెనేజరు వెనుదిరిగి వెళ్లిపోయాడు. మరుసటేడు ఆ రోజున కచేరీ వదిలి రాలేదు. గుర్తుచేసేవాళ్లు లేక, ఆ ఏడు క్రిస్మస్ ఎప్పుడొచ్చి వెళ్లిందో ఊళ్లో ఎవరికీ తెలియలేదు.