ఆదెమ్మ రవికలో కొంగ

కొత్త గుడ్డ ఏది వచ్చినా సువార్తమ్మ గారు ఆ రోజు దాని మీద కత్తెర పెట్టనిచ్చేవారు కారు. తడిపి, దండెం మీద ఆరేసి, "చూడండే" అనేవారు. అంతే. బందరులో ఆవిడ ఇంటి వసారాలో కుట్టు నేర్చుకునేవాళ్ళం ఐదుగురం. ఏం చూడాలో ఆవిడ చెప్పేవారు కారు, అడగడానికి మాకు నోరు వచ్చేది కాదు. దండెం కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసేవాళ్ళం.

అలా చూసినవాటిలో భ్రమర గుడ్డలే ఎక్కువ. భ్రమర మా పక్క వీధి అమ్మాయి. ఏ కంపెనీలోనూ పని చేయదు. బొమ్మ తనే గీసుకుంటుంది, అచ్చు తనే చెక్కుకుంటుంది, పెరట్లో బల్ల వేసుకుని తనే అద్దుకుంటుంది. అద్దినవి పది గజాలు అయ్యాక ఆ అచ్చు మళ్ళీ ముట్టుకోదు. పీతలు, ఉప్పు మడులు, వలలు, తాటాకు బుట్టలు, మేం రోజూ చూసేవే ఆమె గుడ్డ మీదికి వచ్చేసరికి కొత్తగా ఉండేవి. ఒకసారి అలాంటి గుడ్డనే నేను కొలత ప్రకారం కత్తిరించి, రెండు పీతల డెక్కలు తెగ్గొట్టాను. సువార్తమ్మ గారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ భయం నాంచారికి కూడా పట్టుకుంది. నాంచారి మాతో నేర్చుకునే పిల్ల. వాళ్ళ అక్క ఆదెమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. గంప ఎత్తడానికి రెండు చేతులూ పైకి లేపితే రవిక కూడా పైకి లేచిపోతుంది. అందుకని ఆదెమ్మ ఎండల్లో కూడా పైన మొగుడి చొక్కా తొడుక్కునే తిరిగేది. చొక్కా లేకుండా బజారులో నిలబడగలిగే రవిక ఒక్కటి అక్కకి కుట్టి ఇవ్వాలని నాంచారి ఈ పని నేర్చుకోవడానికి వచ్చింది. అందుకోసమే భ్రమర దగ్గర రవికగుడ్డ తెచ్చింది. నీలం మీద తెల్లటి చిన్న చిన్న చేపలు. ఒక్క చోట మాత్రం అచ్చు కాదు, కలంతో చేత్తో గీసిన జానెడు కొంగ, రెక్కలు రెండూ చాపుకుని. చేపల బజారులో గంపల చుట్టూ తిరిగే కొంగని చూసి గీశానని భ్రమర చెప్పింది.

దండెం కింద రెండు రోజులు నిలబడి, మూడో రోజు నాంచారి అడిగేసింది.

"అమ్మా, ఒకరు మనసుపెట్టి బొమ్మ వేశారు. మనం బొమ్మని చూసి కత్తిరించాలా, మనిషిని చూసి కత్తిరించాలా?"

సువార్తమ్మ గారు సూదిలో దారం ఎక్కించుకుంటూ, "కుట్టు. కుట్టాక మీ అక్కని గంపతో సహా రమ్మను" అన్నారు.

నాంచారి కుట్టింది. కొంగ నడి వీపున పడాలని గుడ్డ జరిపి జరిపి కత్తిరించింది. కొంగ తల తెగకూడదని వెనక మెడ పైదాకా మూసేసింది. చివరికి మిగిలినవి నాలుగు చీలికలు. ఆదెమ్మ వచ్చి తొడుక్కుంది. వెనక్కి తిరిగితే అచ్చం ఎగురుతున్నట్టే ఉంది కొంగ. మేమందరం అబ్బా అన్నాం.

"బాగుందే చెల్లీ. కానీ మెడ మూసేసి నన్ను పంతులమ్మని చేశావేంటే?" అని నవ్వింది ఆదెమ్మ.

"గంప ఎత్తు" అన్నారు సువార్తమ్మ గారు.

ఆదెమ్మ గంప అంచు పట్టుకుని చేతులు లేపింది. సగం దూరం కూడా లేవలేదు. చంకలో కుట్టు పటుక్కుమంది. రవిక అంతా రొమ్ము మీదికి ఎక్కి కూర్చుంది. ఆదెమ్మ గబుక్కున గంప దించేసి, ఎవరివైపూ చూడకుండా గుంజకి తగిలించిన చొక్కా అందుకుంది. ఆ చొక్కా తొడుక్కుంటుంటే నాంచారి ముఖం నేను చూడలేకపోయాను.

"చంకల కింద నాలుగు వేళ్ళ ముక్క చెరొకటి వేస్తే చెయ్యి లేస్తుంది" అన్నారు సువార్తమ్మ గారు.

"గుడ్డ లేదమ్మా. వేరే నీలం గుడ్డ వేసేదా?"

"అతుకుల రవికతో బజారుకి పంపిస్తావా? దానికి చొక్కాయే మేలు. గుడ్డ ఉంది, చూడు."

చూశాం. మూసేసిన మెడ దగ్గర, వీపు మీద, కొంగ ఉన్నంత మేర తప్ప ఎక్కడా లేదు. ఆవిడ కత్తెర నాంచారి చేతిలో పెట్టారు. పీత డెక్క తెగితే నాలుగు రోజులు మాట్లాడని మనిషి, కొంగని రెండు చెక్కలు చేయమంటున్నారు. నాంచారి అక్క చొక్కా వైపు ఒకసారి చూసింది, కొంగ వైపు ఒకసారి చూసింది. తర్వాత వెనక మెడ జానెడు లోతున కోసేసింది. వచ్చిన ముక్కని కొంగ నడిమికి రెండు చేసి, ఒక రెక్క కుడి చంకలో, ఒక రెక్క ఎడమ చంకలో అతికించింది. కుట్టినంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. చేతులు దించితే ఆ ముక్కలు మడత పడి, కొంగ ఉన్న జాడే లేదు.

ఆదివారం చేపల బజారుకి మేమూ వెళ్ళాం. ఆదెమ్మ చొక్కా లేకుండా వచ్చింది. కానాగంత చేపలు కొనడానికి వచ్చిన భ్రమర తన గుడ్డని గుర్తుపట్టి ఆగిపోయింది. చుట్టూ తిరిగి చూసింది.

"నా కొంగ ఏది?" అంది.

నాంచారి నా వెనక్కి వచ్చి దాక్కుంది. ఆదెమ్మకి ఈ గొడవేమీ పట్టలేదు. వేరే వీధికి వెళ్ళే వేళయింది. వంగి, రెండు చేతులతో గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. రవిక కదలలేదు. చంకల్లో మడతలు విడిపోయి, ఇటొక రెక్క, అటొక రెక్క.

భ్రమర ముఖంలో ఉన్నది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. చివరికి, "ఇంకొక్కసారి ఎత్తవా అక్కా" అంది.

"నీ బొమ్మ కోసం దించి ఎత్తడానికి ఇదేమన్నా ఉత్త గంపా తల్లీ? ముందు చేపలు కొను, దించుతా. కొన్నాక ఎలాగూ ఎత్తుతాగా!" అంది ఆదెమ్మ.

తిరిగి వచ్చాక నాంచారి మిషను ముందు ఊరికే కూర్చుంది. కాసేపటికి, "అమ్మా, నాకు ఇంకా అర్థం కాలేదు. నేను ఆ బొమ్మని చెడగొట్టానా, లేదా?" అంది. నేనూ చెవులు అక్కడే పెట్టుకుని కూర్చున్నాను, నాకూ అదే తెలియలేదు కాబట్టి.

సువార్తమ్మ గారు దండెం మీద కొత్త గుడ్డ ఆరేస్తున్నారు. వెనక్కి తిరగకుండానే అన్నారు:

"కొంగ పొద్దస్తమానం రెక్కలు చాపుకునే నించుంటుందటే?"