కెర్నెల్ గడప

ఓబులేసుకి గురువు మీద కినుక కలిగింది.

ఆదోనిలోని ఆ తాళపత్ర గ్రంథాలయంలో ఒకే ఒక పెద్ద కంప్యూటరు, దానికి నాలుగు తెరలు. లక్షకు పైగా తాటాకుల ఫొటోలు అందులో ఒక వరసంటూ లేకుండా పడి ఉండేవి. చదివేవాళ్లకి అవి గ్రంథం వారీగా కనిపించేలా ఒక ఫైల్ సిస్టం రాయమని గురువు హుస్సేన్ సాహెబ్ ఓబులేసుకి అప్పగించాడు. ఒక్కటే షరతు. అది మామూలు ప్రోగ్రాంలాగా కెర్నెల్‌కి బయటే నడవాలి.

కెర్నెల్ అంటే యంత్రం మొత్తాన్నీ నడిపించే మూలం. ఎవరైనా ఒక ఆకు అడిగితే, కెర్నెల్‌లో ఉండే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఆ మాట మోసుకుని బయటికొస్తుంది. ఓబులేసు ప్రోగ్రాంని అడిగి, జవాబు పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్తుంది.

ఓబులేసు అలాగే రాశాడు. బాగానే పని చేసింది. కానీ ఒక్కో ఆకుకీ ఇన్ని రాకపోకలేమిటని అతనికి మనసులో ఉండేది. అడిగితే సాహెబ్ నవ్వి ఊరుకునేవాడు. లోపల అడుగుపెట్టే యోగ్యత తనకింకా రాలేదని గురువు అనుకుంటున్నాడేమో అనిపించింది.

మూడు నెలలు కూర్చుని, అదే పని కెర్నెల్ లోపల జరిగేలా మళ్లీ రాశాడు. నాలుగు రెట్లు వేగం వచ్చింది. ఒక ఉదయం తీసుకెళ్లి చూపించాడు.

సాహెబ్ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. బాగా రాశావన్నాడు. యంత్రంలో పెట్టమన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఓబులేసు అనుకోలేదు.

పదకొండు గంటల దాకా ఆకులు చకచకా తెరుచుకున్నాయి. సువర్ణమ్మ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పొద్దుటి నుంచీ ఒక పశువైద్య గ్రంథాన్ని చూసి టైపు చేస్తోంది. మధ్యలో ఏదో అనుమానం వచ్చి తెర మీదే పక్క తాటాకుల కట్ట తెరిచింది. ఆ కట్టకి పేరైతే ఎక్కింది గాని, ఆకులింకా ఫొటోలు తీయలేదు. ఖాళీ కట్టని కూడా ఎవరైనా తెరుస్తారని ఓబులేసు ఊహించలేదు.

లోపల జరిగిన ఆ తప్పుకి కెర్నెలే ఆగిపోయింది. నాలుగు తెరలూ ఒక్కసారే బిగుసుకుపోయాయి. యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టేసరికి, వాటి ముందు కూర్చున్న నలుగురూ దాచుకోని పనంతా పోయింది.

"ఎద్దు కడుపుబ్బరానికి మందు, రెండు ఆకులు ఎక్కించాను నాయనా" అంది సువర్ణమ్మ. "మళ్లీ ఎక్కిస్తాలే."

తిట్టినా బాగుండేదనిపించింది ఓబులేసుకి.

సాహెబ్ బయట నడిచే పాత ప్రోగ్రాంని తిరిగి పెట్టాడు. నలుగురూ కుదురుగా పనిలో పడేదాకా ఆగాడు. అప్పుడు సువర్ణమ్మ దగ్గరికి వెళ్లి, ఇందాకటి ఖాళీ కట్టనే ఇంకోసారి తెరవమన్నాడు.

ఓబులేసు గబగబా అడ్డం వచ్చాడు. "వద్దు సార్. దీంట్లోనూ అదే తప్పుంది."

"ఉంటుంది" అన్నాడు సాహెబ్.

ఆమె తెరిచింది. ప్రోగ్రాం పడిపోయింది.

"ఆకులు కనిపించడం లేదు ఓబులేసూ, చూడు" అని, తెర మీది వాక్యాన్ని పూర్తి చేసుకుంటూ ఉండిపోయింది సువర్ణమ్మ. తక్కిన ముగ్గురూ తలెత్తనే లేదు. ఓబులేసు ప్రోగ్రాంని మళ్లీ నడిపించాడు. ఆకులు వచ్చేశాయి.

అతను తర్వాత సాహెబ్ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ముందే చెప్పొచ్చు కదా సార్, తప్పుందని."

"నీ కోడ్ మొత్తం చదివాను. నాకూ కనిపించలేదు" అన్నాడు సాహెబ్.

ఓబులేసు కెర్నెల్ లోపలికి తగినవాణ్ణి ఎప్పటికవుతానని మెల్లగా అడిగాడు.

సాహెబ్ కీబోర్డు దగ్గరికి లాక్కుని, నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా తెర మీదికి తెచ్చాడు. ఒక వరస మీద వేలు పెట్టాడు. గ్రంథాలయం సూచికని నడిపించే ఫైల్ సిస్టం అది. పదకొండేళ్ల కిందట ఆయన తన చేత్తో రాసినది. అది కెర్నెల్‌కి బయటే నడుస్తోంది.

ఓబులేసు ఆ వరసని రెండుసార్లు చదివాడు. వెళ్లి, బయట నడిచే తన ప్రోగ్రాంలోనే ఖాళీ కట్ట తప్పు దిద్దడానికి కూర్చున్నాడు.