నాలుగు మూలల చదరంగం

మూతబడ్డ నూనెగానుగ పాకలో పైడన్న అనే ఎద్దు ఒక్కడే మిగిలాడు. పన్నెండేళ్లు కళ్లకు గంతలతో గానుగ తిప్పాడు. యజమాని ఊరు విడిచాక ఆ పాకే అతని ఇల్లు.

తొలి వాన మబ్బులు కమ్మిన రోజు నక్క వచ్చింది. దాని బొరియలోకి అప్పటికే నీళ్లు చేరాయి.

"మావా, ఇంత పాక నీ ఒక్కడికేనా? ఆటాడి తేల్చుకుందాం. గెలిచినవాడు లోపల, ఓడినవాడు వానలో."

కాదనడం పైడన్నకు అలవాటు లేదు. "ఏం ఆట, అల్లుడూ?"

"చదరంగమే. కాస్త బేస్‌బాల్ కలిపాను."

అటక మీద యజమాని వదిలేసిన చదరంగం బల్ల ఉంది. సగం పావులు లేవు. బేస్‌బాల్ సంగతి చెప్పడానికి నక్క ఓ కాకిని వెంటబెట్టుకొచ్చింది. పట్నంలో కాలేజీ గోడ మీద కూర్చుని ఆ ఆట చూసిన కాకి అది.

"ఒకడు బంతి విసురుతాడు. ఇంకొకడు దాన్ని కర్రతో కొట్టి పరుగెడతాడు" అంది కాకి.

"కొట్టి పారిపోతాడా? దొంగా?" అన్నాడు పైడన్న.

"ఆటగాడే! నాలుగు మూలలూ తిరిగి, బయల్దేరిన చోటికే వస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు."

పైడన్నకు ఏమీ అర్థం కాలేదు. "నేనూ పన్నెండేళ్లు తిరిగి అక్కడికే వచ్చాను. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదే!"

నక్క గబగబా నియమాలు చెప్పింది. "చెరో బంట్ల గుంపు, చెరో రాజు. రాజు చచ్చినా ఆట ఆగదు. ఎవరి పావు బల్ల నాలుగు మూలలూ చుట్టి, బయల్దేరిన గడికి, అంటే ఇంటికి, ముందు చేరితే వాడిదే గెలుపు. మూల మీదున్న పావును చంపకూడదు. అంచు వెంట దారికి అడ్డం నిలబడకూడదు. కాకి పది లెక్కపెట్టేలోగా ఎత్తు వేయకపోతే ఒక తప్పు. మూడు తప్పులకు అవుట్. గెంతే గుర్రం నాది. ఆ బరువు ఏనుగును నువ్వు తీసుకో."

"రాజు చస్తే మరి ఏడ్చేదెవరు?" అని పైడన్న అడుగుతుండగానే నక్క గుర్రాన్ని గెంతించింది.

కాకి లెక్క మొదలెట్టింది. బంటునా, రాజునా, కొట్టాలా, పరుగెత్తాలా? పైడన్న బుర్ర తిరిగిపోయింది. "పది! ఒక తప్పు." గుర్రం మళ్లీ గెంతింది. "పది! రెండు." గుర్రం మూడోసారి గెంతింది. పాక చూరు మీద చినుకులు పడ్డాయి. ఇంకొక్క తప్పయితే ఆ చూరు తనది కాదు.

"ఏడు... ఎనిమిది..."

పైడన్న కళ్లు మూసుకున్నాడు. గంతలు కట్టినట్టు చీకటి. ఆ చీకట్లో ఏం చేయాలో అతనికి తెలుసు. మూతితో ఏనుగును అంచు వెంట తిన్నగా తోశాడు. అది ఒక్క ఎత్తులో మొదటి మూల చేరింది.

నక్క బంటుతో ఏనుగును కొట్టబోయింది. "మూల మీదున్నవాణ్ని ముట్టకూడదు. ఎత్తు పోయింది" అంది కాకి.

ఏనుగు రెండో మూల చేరింది. నక్క అంచు మీద బంటును నిలబెట్టింది. "దారికి అడ్డం. తియ్యి. ఎత్తు పోయింది" అంది కాకి.

"నువ్వు ఎవరి వైపే?" అని నక్క అరిచింది.

"లెక్క వైపు. నువ్వు చెప్పిందేగా చెబుతున్నా!"

ఏనుగు మూడో మూల చేరింది. "ఆగండి, కొత్త నియమం ఒకటి..." అంటూ నక్క వెతుక్కుంటుండగా కాకి పది అనేసింది. ఏనుగు ఇల్లు చేరింది. నక్క గుర్రం ఇంకా మొదటి మూలకైనా చేరలేదు.

పైడన్న కళ్లు తెరిచాడు. "అల్లుడూ, ఇప్పుడు నేను చేసిందేమిటి?"

"గెలిచావు, మావా" అంది కాకి, రెక్కలు టపటపలాడిస్తూ. చప్పట్లలాగే వినిపించింది.

నక్క తోక ముడిచి వానలోకి నడిచింది.

ఎదుటివాణ్ని తికమకపెట్టడానికి పెట్టిన నియమాలు పెట్టినవాడి కాళ్లకే చుట్టుకుంటాయి.