గంటలకు భద్రమైన చోటు

పశువులు కాసే బీరయ్యకు ఒకటే పిచ్చి. ఏ సంతకు పోయినా ఓ పాత గంట తెచ్చుకునేవాడు. కంచువి, ఇత్తడివి, చెక్కవి, దేని మోత దానిదే. ముసలితనం వచ్చేసరికి గుడిసె గంటలతో నిండిపోయింది.

ఊరి దొర కన్ను వాటి మీద పడింది.

"నీకు పిల్లాజెల్లా లేరు. గుడిసె అంటుకున్నా, దొంగలు పడ్డా అన్నీ పోతాయి. రేపు బండి తెస్తా. నా పెట్టెలో భద్రంగా ఉంటాయి" అన్నాడు. ఆ పెట్టెలో ఊరివాళ్ల కడియాలు, వెండి చెంబులు అప్పటికే చాలా "భద్రంగా" ఉన్నాయి.

మర్నాడు దొర వచ్చేసరికి గుడిసె ఖాళీ.

"గంటలేవిరా?"

"మీరన్నది నిజమే దొరా, ఒక్కచోట ఉంటే అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఇంటికొకటి చొప్పున ఊళ్లో ఆవుల మెడల్లో కట్టేశాను. ఇక అవి ఆ ఇళ్లవాళ్లవే."

"తెలివితక్కువ వెధవా! దొంగ విప్పుకుపోతే?"

"విప్పబోతే మోగుతుంది. ఏ మోత ఎవరి ఆవుదో నాలుగు రోజుల్లో ఊరందరికీ తెలిసిపోతుంది."

దొర పళ్లు కొరికాడు. "నా పెట్టెకంటే ఆవు మెడ భద్రమా?"

బీరయ్య కర్ర భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు. "పొద్దున మేతకెళ్లిన గంట పొద్దుగూకేసరికి ఇంటికొస్తుంది దొరా. మీ పెట్టెలోకెళ్లింది ఒక్కటైనా ఇంటికొచ్చిందా?"